వారం చిట్టాకు ఎర్ర ఖాతా పుస్తకం: ఎనిమిదిన్నరేళ్ల వాడకం తర్వాత

ఒడిశాలోని పర్లాకిమిడిలో ఒక బట్టల కొట్టులో లెక్కలు రాసే ఉద్యోగం నాది కనుక, ఎర్ర గుడ్డ అట్టతో వచ్చే పొడుగాటి ఖాతా పుస్తకం నా చేతికి కొత్త వస్తువు కాదు. కొట్టు లెక్కలన్నీ కంప్యూటరుకెక్కిన తర్వాత అలమరలో మిగిలిపోయిన ఒక పుస్తకాన్ని యజమాని నాకే ఇచ్చేశారు. 2017 జనవరి 1 ఆదివారం నాడు, సరుకు లెక్కలకు బదులుగా, ఆ వారంలో నేను చూసిన, విన్న, చదివిన, తిన్న విశేషాలను అందులో రాయడం మొదలుపెట్టాను. ఒక్కో పుస్తకానికి 192 పేజీలు, వారానికి ఎదురెదురు పేజీలు రెండు, అంటే పుస్తకం 96 వారాలు వస్తుంది. ఇప్పుడు ఐదోది నడుస్తోంది. ఈ సమీక్ష ఆ పుస్తకం గురించీ, అందులో నేను నడిపిన వారం చిట్టా గురించీ.

మొదట పద్ధతి చెప్పాలి, ఎందుకంటే ఈ పుస్తకానికి నేను వేసే మార్కులలో సగం పైగా దాని గీతలకే చెందుతాయి. ఎడమ పేజీ జమ, కుడి పేజీ ఖర్చు. వారంలో నాకు చేరిన విశేషం తేదీతో, ఎవరి నోట విన్నానో ఆ వివరంతో ఎడమ పేజీకి ఎక్కుతుంది. దానిని ఎవరికైనా చెప్పిన రోజున, ఎవరికి చెప్పానో, వారేమన్నారో కుడి పేజీలో పడుతుంది. వారానికి ఏడు పద్దులకు మించకూడదన్న నియమం నేను పెట్టుకున్నదే. ఎవరికీ చెప్పని పద్దు నిల్వగా మరుసటి వారానికి వెళ్తుంది. ఉగాది నాటికి కూడా చెల్లకుండా మిగిలినవాటిని, వ్యాపారులు రాని బాకీలను కొట్టేసినట్టే, ఎర్ర గీతతో కొట్టేస్తాను. మామూలు నోటు పుస్తకంలో ఇంతకు ముందు రెండుసార్లు ఇలాంటి ప్రయత్నం చేసి మూడు నెలలు తిరగకుండానే మానేశాను. అప్పుడు జమ తప్ప ఖర్చు లేదు. ఖాతా పుస్తకంలో కుడి పేజీ ఖాళీగా కనిపిస్తే లెక్కలు రాసేవాడికి నిద్ర పట్టదు, అందుకే ఇది నిలిచిందని నా నమ్మకం.

ఖర్చు పేజీలో ఎక్కువ భాగం బరంపురంలో ఉన్న మా పిన్నిది. ఆదివారం సాయంత్రం ఫోను ఎత్తగానే ఆమె అడిగే మొదటి మాట, "ఏట్రా, ఈ వారం ఏటి జమైంది?" అనే. ఏమీ లేదని చెప్పిన వారాలు ఉన్నాయి గాని, చెప్పి తప్పించుకున్న వారం ఒక్కటీ లేదు.

రెండో పుస్తకంలో, 2019 ఫిబ్రవరిలో పడిన ఒక పద్దును నమూనాగా చూపిస్తాను. మా జిల్లాలోని గుమ్మ అనే ఊరి వైపు ఒక సంతలో కొట్టు కోసం కొండ చీపుర్లు కొంటున్నాను. అమ్ముతున్న సవర గిరిజన అవ్వ ఒక్కో చీపురునూ నా కాళ్ల ముందు పడవేస్తూ పైకే లెక్కపెడుతోంది. పన్నెండు దగ్గర ‘మిగ్గల్’ అని, తర్వాతి దానికి ‘మిగ్గల్‌బొయ్’ అన్నట్టు నా చెవికి వినిపించింది. ‘అబొయ్’ అంటే ఒకటి అని అంతకు ముందే తెలుసు కనుక అక్కడే ఆగిపోయాను. పదమూడంటే పన్నెండూ ఒకటీ అన్నమాట. మనం పది దగ్గర కట్టే ముడిని ఆ భాష పన్నెండు దగ్గర కడుతుంది. పంతొమ్మిది అంటే పన్నెండూ ఏడూ. ఇరవై దగ్గర ‘బొకుడి’ అని ఇంకొక ముడి పడుతుంది, ఒడియా వారు ఇరవైని ‘కోడి’ అన్నట్టే. అక్కడినుంచి మళ్లీ మొదలు కనుక, ముప్పై తొమ్మిది అనాలంటే ఇరవై, పన్నెండు, ఏడు అని మూడు ముక్కలుగా చెప్పాలి. డజన్లలో కొని కోడ్లలో అమ్మే వ్యాపారికి ఇంతకంటె అనువైన లెక్క ఉండదు. ఆ రోజు నేను చీపుర్ల ధర బేరమాడడం మరచిపోయాననీ, యజమాని చేత నాలుగు మాటలు పడ్డాననీ కూడా అదే పద్దు కింద రాసి ఉంది. ఆ పద్దుకు కుడివైపున పదకొండు పేర్లున్నాయి. ఈ ఎనిమిదిన్నరేళ్లలో అన్నిసార్లు ఖర్చు అయిన పద్దు మరొకటి లేదు.

నాలుగో పుస్తకంలోని మరొక పద్దు పండుగలది. 2023 నవంబరు 30 గురువారం నాడు తెల్లవారకముందే పక్కింటి ఒడియా మావుసీ గుమ్మం ముందు జోటి వేస్తోంది. మనం పొడిపిండితో వేసే ముగ్గు కాదది. నానబెట్టి రుబ్బిన బియ్యప్పిండిని పలచగా కలిపి, వేళ్లు ముంచి, చుక్కల లెక్క లేకుండా నేల మీద వరి కంకులనూ, లోపలికి నడిచివచ్చే లక్ష్మి పాదాలనూ గీస్తారు. కంకికి ఒక్కో గింజనూ ఉంగరపు వేలి కొసతో అద్దుతుంది. ఆరిన తర్వాతే తెల్లదనం తేలుతుంది గనుక, వేస్తున్నప్పుడు ఏం వేస్తోందో చూసేవారికి సగమే తెలుస్తుంది. లోపల ధాన్యం కొలిచే ‘మాణ’ నిండా కొత్త వడ్లు పోసి దానినే లక్ష్మిగా కూర్చోబెట్టింది. పేరులోనూ పనిలోనూ అది మన మానికకు తోబుట్టువే. మార్గశిర లక్ష్మీవారం అప్పుడే ఎలా వచ్చిందని నాకు సందేహం కలిగింది. మా ఇళ్లలోనూ గురువారాన్ని లక్ష్మీవారమనే అంటాం, మార్గశిరంలో ఆ వారాలు మేమూ చేస్తాం, కాని మా పంచాంగం ప్రకారం అది ఇంకా కార్తిక బహుళం.

జవాబు ఆ వారమే దొరికింది. ఒడియా వారి పండుగల నెల పున్నమితో ముగుస్తుంది, మనది అమావాస్యతో ముగుస్తుంది. శుక్లపక్షంలో ఇద్దరి నెలా ఒకటే, కృష్ణపక్షం రాగానే వారు ఒక నెల ముందుంటారు. నవంబరు 27న కార్తిక పున్నమి కాగానే మావుసీకి మార్గశిరం వచ్చేసింది. నాకు డిసెంబరు 13 దాకా రాలేదు, మొదటి లక్ష్మీవారం 14న పడింది. వారు జ్యేష్ఠ అమావాస్య అని చేసే సావిత్రీ వ్రతం మనకు వైశాఖ అమావాస్య కావడానికీ ఇదే కారణం. ఒకే గోడకు అటూ ఇటూ ఏళ్ల తరబడి కాపురముంటూ ఈ సంగతిని చిట్టా రాసేదాకా గమనించకపోవడం నాకు కొంచెం సిగ్గనిపించింది. పిన్ని మాత్రం, "ఇది మాకు పుట్టినప్పట్నించీ తెలుసు, రెండుసార్లు ప్రసాదం దొరుకుతాది, అంతే" అని తేల్చేసింది. ఆ మాట కూడా ఖర్చు పేజీలో ఉంది.

ఇక వస్తువు సంగతి. కుట్టు గట్టిది. పుస్తకాన్ని పూర్తిగా పరిచినా మధ్యలో లేవకుండా పడుకుంటుంది, అట్ట మూలలు అరిగినా ఊడలేదు. దీని అసలు పరీక్ష 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ తుపాను నాడు జరిగింది. మా గజపతి జిల్లాను ముంచిన ఆ వానలో మా ఇంటి పెంకులు లేచిపోయి, 93వ వారం దాకా నిండిన మొదటి పుస్తకం రాత్రంతా నీళ్ల కింద ఉంది. కుట్టు విడలేదు, ఒక్క కాగితమూ ఊడలేదు. అయితే సిరా పెన్నుతో రాసిన మొదటి అరవై వారాల పైచిలుకు పేజీలు చాలావరకు నీలి మరకలయ్యాయి. ఆ తర్వాత బద్ధకించి బాల్‌పెన్నుకు మారిన వారాలన్నీ నూనె సిరా కనుక అక్షరం చెదరకుండా నిలిచాయి. అందమైన దస్తూరీ పోయి వంకర గీతలు మిగలడం అన్యాయమే, కాని అప్పటినుంచి సిరా పెన్ను పట్టలేదు. తడిసిన పుస్తకాన్ని ఎండలో పెట్టవద్దు, కాగితం వంకర్లు పోతుంది. నాలుగేసి పేజీల మధ్య వార్తాపత్రిక ముక్కలు పెట్టి, పూటపూటకూ మారుస్తూ, ఫ్యాను కింద ఆరనివ్వాలి.

మూడో పుస్తకం విషయంలో మోసపోయాను. యజమాని ఇచ్చిన పాత నిల్వ అయిపోయి బజారులో కొన్నాను. అట్టా గీతలూ అవే, కాగితం మాత్రం సిగరెట్టు కాగితానికి అన్నగారు. ఒకవైపు రాసింది రెండోవైపు తేలడం వల్ల ఒక వారం ఖర్చూ మరుసటి వారం జమా కలిసిపోయి, చదవడానికి కళ్లు నొప్పి పుట్టాయి. మార్చమని అడిగితే కొట్టువారు రాసిన పుస్తకం మార్చబోమన్నారు, అందులో తప్పు పట్టడానికి లేదు. కొనేముందు ఒక కాగితాన్ని వెలుతురుకు పట్టి చూడాలి, వెనక వేళ్లు కనిపిస్తే వదిలేయాలి. పుస్తకాలను తినే సన్నని వెండిరంగు పురుగుకు వేపాకు పెట్టి చూశాను. పెద్దగా లాభం లేదు, పురుగు వేపాకు పక్కనే కాపురం పెట్టింది.

ఆ విసుగుతోనే 2021లో ఐదు నెలలపాటు ఫోనులో రాశాను. వెతకడం సులువు, ఫొటో జతచేయవచ్చు. కాని ఫోనులో పేజీకి అడుగు లేదు, ఏడు పద్దుల హద్దు రెండో వారానికే తెగిపోయి, వచ్చినదల్లా పోగుపడింది. ఎవరికి చెప్పానో రాసే అలవాటు దానంతట అదే పోయింది. చివరకు ఫోను పాడై బాగుచేతకిస్తే అందులో ఉన్నదంతా చెరిగిపోయి తిరిగి వచ్చింది. దానికి నకలు ఉంచుకోకపోవడం నా తప్పే. ఆ ఐదు నెలలలో జమ అయినవాటిలో ఇప్పుడు నాకు గుర్తున్నవి, ఎవరికో ఒకరికి నోటితో చెప్పినవి మాత్రమే.

కుడి పేజీ వల్ల నేను ఊహించని లాభం ఒకటుంది. చెప్పినప్పుడే తప్పు బయటపడుతుంది. నౌపడ నుంచి పర్లాకిమిడికి 1900లో వచ్చిన చిన్న రైలు పట్టాల వెడల్పు రెండడుగులని రాసుకుని చెబితే, రైల్వేలో పనిచేసి విరమించిన ఒక పెద్దాయన అక్కడికక్కడే రెండడుగుల ఆరంగుళాలని, 762 మిల్లీమీటర్లని దిద్దారు. గుడ్డ సంచీ మీది సవర బొమ్మలను వార్లీ అని రాసి మరొకసారి దొరికిపోయాను. వార్లీ మహారాష్ట్ర గిరిజనుల చిత్రకళ, దానిలో మనిషి ఒళ్లు రెండు త్రికోణాలు కొనలు కలిసినట్టు ఉంటుంది. సవరల గోడ చిత్రంలో మనుషులు అంత పదునుగా ఉండరు, పైగా ముందు అంచు గీసుకుని లోపలికి నింపుకొస్తారు. 2024 జనవరిలో సవరలలో ఒక శాఖ అయిన లంజియా సవరల చిత్రాలకు భౌగోళిక గుర్తింపు వచ్చిన వార్తను జమ చేసినప్పుడు ఆ పాత తప్పు పక్కన పేజీ సంఖ్య వేశాను.

పుస్తకంలోని పెద్ద లోపం విషయసూచిక లేకపోవడం. చిట్టా ఎంత శ్రద్ధగా రాసినా, పద్దులను ఖాతాలవారీగా విడదీసి రాసే ఆవర్జాకు ఎక్కించకపోతే బాకీ ఎవరిదో తెలియదని కొట్టులో పిల్లలకు చెప్పే నేను, ఇంట్లో ఆరేళ్లు ఆ పని చేయలేదు. 2023 వేసవి సెలవులలో కూర్చుని విడిగా ఒక ఆవర్జా కట్టి, మనుషులు, తిండి, మాటలు, సంవత్సరాలు అని శీర్షికలు పెట్టి చదవగలిగిన పద్దులన్నిటినీ ఎక్కించాను. సంవత్సరాల శీర్షిక కింద 1936 దగ్గర, వేర్వేరు పుస్తకాల నుంచి వచ్చిన మూడు పద్దులు వరుసగా కూర్చున్నాయి. మొదటిది 2017 ఆగస్టు 29 వారానిది. 1880లో పర్లాకిమిడికి ఉపాధ్యాయుడిగా వచ్చి, ఇక్కడే సవర భాష నేర్చి, 1931లో దాని వ్యాకరణ గ్రంథం వెలువరించిన గిడుగు వెంకట రామమూర్తి 1936లో ఈ ఊరు విడిచి రాజమహేంద్రవరం వెళ్లిపోయారు. రెండోది 2019 ఉత్కళ దినోత్సవం నాటిది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రమై పర్లాకిమిడి అందులో చేరింది. మూడోది 2022లో, సంతలో పరిచయమైన ఒక సవర యువకుడు తన చేతి మీద పచ్చబొట్టులోని అక్షరాన్ని చూపించినప్పటిది. మంగెయి గొమాంగో సవర భాషకు 24 అక్షరాల ‘సొరాంగ్ సొంపెంగ్’ లిపిని వెలువరించినది కూడా 1936 జూన్‌లోనే. ఆ అక్షరాలు 2012లో యూనికోడ్‌లోనూ చేరాయి.

సవరను తెలుగు లిపిలో రాయించిన పండితుడు ఊరు విడిచిన ఏడాదే ఆ భాషకు సొంత లిపి పుట్టింది. రెండింటికీ సంబంధముందని నేననను, కాని ఒకే పేజీలో చూసినప్పుడు కలం కాసేపు ఆగింది. వాడుక భాష కోసం ఆయన పోరాడిన ఊళ్లోనే కూర్చుని నేనిలా బిగదీసి రాయడం వేరే సంగతి.

మార్కులు వేయాలంటే ఐదుకు నాలుగు వేయదగిన వస్తువే. మూడో పుస్తకపు కాగితం వల్ల మూడున్నర దగ్గర ఆపుతున్నాను. రోజూ రాసే అలవాటున్నవారికి ఇది నప్పదు, పేజీ మరీ పొడుగు. ఫొటోలు అతికించేవారికీ నప్పదు, పుస్తకం ఉబ్బి అట్ట మూతపడదు. బజారులో ఇప్పుడివి తగ్గిపోయాయి, అడిగితే తెప్పిస్తామంటున్నారు. పోయిన నెలలో 240 రూపాయల చొప్పున, కాగితం వెలుతురుకు పట్టి చూసుకుని, రెండు కొన్నాను.

అందులో ఒకటి పిన్ని పట్టుబట్టి తీసుకుంది. మొన్న బరంపురం వెళ్లినప్పుడు తెరిచి చూస్తే కుడి పేజీలు నాలుగు వారాలుగా నిండి ఉన్నాయి, ఎవరెవరికి చెప్పిందో వీధి వరుసన పేర్లున్నాయి. ఎడమ పేజీలు మాత్రం తెల్లగా ఉన్నాయి. జమ ఎందుకు రాయలేదని అడిగాను. "అది నీ పుస్తకంలో ఉంది కదరా, మళ్లీ రాయడమెందుకు, కాగితం దండగ" అంది.