తొక్కిన కారా, మెల్లగా తిప్పిన కారా: ఏది మేలు?

ఒకే మోడల్ పెర్ఫార్మెన్స్ కార్లు రెండు అమ్మకానికి ఉన్నాయనుకుందాం. ఒకదాన్ని ఓనరు వారం వారం రెడ్‌లైన్ దాకా, అంటే ఇంజిన్ తిరగగల వేగానికి చివరి హద్దు దాకా తొక్కాడు. రెండోదాన్ని మూడు వేల ఆర్‌పీఎం (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు) దాటనివ్వకుండా, రోజూ ఐదు నిమిషాల దూరమే తిప్పారు. చాలామంది కళ్లు మూసుకుని రెండోదే కొంటారు. నేనైతే మొదటి ఓనర్ని ఒక్కటే అడుగుతాను: "ఆయిల్ వేడెక్కాకే తొక్కారా?"

ఎందుకంటే ఇంజిన్‌ని తినేసేది వేగం ఒక్కటే కాదు, చల్లగా ఉన్నప్పుడు చూపించే తొందర. కూలెంట్ ముల్లు మధ్యకి రాగానే బండి రెడీ అనుకుంటాం. అప్పటికి ఆయిల్ ఇంకా చిక్కగానే ఉంటుంది. అది సరైన వేడికి రావాలంటే మరో పది నిమిషాలైనా నడపాలి. బీఎండబ్ల్యూ ఈ46 ఎం3లో దీనికోసం ఆర్‌పీఎం మీటర్ చుట్టూ చిన్న లైట్లు పెట్టారు. ఆయిల్ వేడెక్కేకొద్దీ అవి ఒక్కొక్కటిగా ఆరిపోతూ, ఎంతదాకా తొక్కొచ్చో చెబుతాయి. నాకు చాలా ఇష్టమైన ఏర్పాటు అది. ఆర్‌పీఎం నాలుగు వేల నుంచి ఎనిమిది వేలకి వెళ్తే పిస్టన్లని క్రాంక్‌షాఫ్ట్‌కి కలిపే కనెక్టింగ్ రాడ్ల మీద పడే జడత్వ బలం రెండింతలు కాదు, నాలుగింతలవుతుంది. ఆ బరువు మోసేది బేరింగుల్లోని పల్చటి ఆయిల్ పొరే.

ఇక మెల్లగా తిప్పిన కారు. ఆయిల్ పోసే మూత విప్పి చూడండి, లోపల మీగడలాంటి తెల్లటి జిగురు కనిపించొచ్చు. ఇంజిన్‌లో చేరిన తేమ ఆవిరయ్యేంత వేడి ఎప్పుడూ రాలేదన్నమాట. పెట్రోల్ కూడా కొంత ఆయిల్‌లో కలిసి దాన్ని పల్చన చేస్తుంది. పైగా టర్బో (గాలిని ఒత్తిడితో ఇంజిన్‌లోకి నెట్టేది), డైరెక్ట్ ఇంజెక్షన్ (ఇంధనాన్ని నేరుగా సిలిండర్‌లోకి చిమ్మేది) ఉన్న ఇంజిన్‌ని తక్కువ ఆర్‌పీఎంలో, పెద్ద గేర్‌లో ఉంచి గట్టిగా తొక్కితే స్పార్క్ రాకముందే ఇంధనం అంటుకునే ప్రమాదముంది. అది పిస్టన్‌నే పగలగొట్టగలదు.

అందుకే ఇంజిన్ వరకు నా ఓటు మొదటిదానికే. ఆయిల్ గడువుకంటే ముందే మార్పించి ఉండాలి, తొక్కాక చివరి కొన్ని నిమిషాలు నెమ్మదిగా నడిపి టర్బోని చల్లబడనిచ్చి ఉండాలి. రేస్ ట్రాక్‌కి తీసుకెళ్లిన బండి అయితే మరింత జాగ్రత్తగా చూస్తాను. పొడవాటి మలుపుల్లో ఆయిల్ ఒక పక్కకి ఒరిగిపోయి పంప్‌కి అందకపోతే, బేరింగులు పోవడానికి కొన్ని సెకన్లు చాలు.

గేర్‌బాక్స్ దగ్గర మాత్రం లెక్క తిరగబడుతుంది. దానికి వేడెక్కడం ఒక్కటే సరిపోదు. నిలబడ్డ బండిని ఒక్క ఉదుటున లేపే లాంచ్‌లు క్లచ్‌ని కాలుస్తాయి, గేర్లకీ యాక్సిల్స్‌కీ దెబ్బ మీద దెబ్బ వేస్తాయి. రెండు క్లచ్‌లతో తనంతట తానే గేర్లు మార్చే డ్యూయల్ క్లచ్ గేర్‌బాక్స్ ఆ పనిలో మెరుపే, కానీ పదేపదే లాంచ్ చేస్తే క్లచ్‌లు వేడెక్కిపోతాయి. క్లచ్‌కి బదులు ద్రవం ద్వారా బలాన్ని అందించే టార్క్ కన్వర్టర్ ఆటోమేటిక్‌లో ఆ ఉదుటుని ద్రవం మింగేస్తుంది. ఆ ద్రవాన్ని వేళకి మారిస్తే చాలాకాలం నిలుస్తుంది. లాంచ్‌ల పిచ్చి ఉన్నవాళ్లకి నేను చెప్పేది ఇదే.

మాన్యువల్‌కి భయపడాల్సింది వేరే ఉంది. మూడు నుంచి నాలుగుకి వేయబోయి రెండులో పడితే, చక్రాలే ఇంజిన్‌ని రెడ్‌లైన్ దాటించేస్తాయి. ఇంజిన్ హద్దు దాటకుండా చూసే రెవ్ లిమిటర్ అప్పుడేం చేయలేదు, అది ఇంధనాన్నో స్పార్క్‌నో ఆపగలదంతే. వాల్వులు వంగిపోయేది ఇలాంటప్పుడే. పోర్షే కార్ల కంప్యూటర్ ఇలాంటి ఓవర్‌రెవ్‌లని నమోదు చేసుకుంటుంది, పాత 911 కొనేవాళ్లు ఆ రిపోర్ట్ అడుగుతారు కూడా.

మొదటి కారు చూడ్డానికి వెళ్తే ఆయిల్ మార్పించిన బిల్లులు అడగండి. బండి వేడెక్కాక ఎక్కువ ఆర్‌పీఎంలో రెండు నుంచి మూడుకి మార్చండి. గరగరమందంటే గేర్లు సాఫీగా పడేలా వాటి వేగాలని కలిపే సింక్రోలు అరిగినట్టే, ధర అక్కడి నుంచి మాట్లాడండి.