తిరుపతి లాడ్జిలో మా ఆకులు ఊడ్చేశారు

దర్శనం బాగా జరిగింది, తలకోన జలపాతంలో నీళ్లు బాగున్నాయి. నేను రాసేది మాత్రం బస్టాండు దగ్గర మేం దిగిన లాడ్జి గురించి. రోజుకి 1,450 అన్నారు, వేణ్నీళ్లకి ఇంకో 100 గుంజారు, సరేలే అనుకున్నాం. కానీ మా తమ్ముడు ఎమ్మెస్సీ ప్రాజెక్టు కోసం రెండు రోజులు రోడ్ల పక్కన తిరిగి ఏరిన పురుగు తొలిచిన ఆకులు, ఒక్కో కవర్ మీద చెట్టు పేరు, తేదీ రాసి కిటికీలో పెట్టుకున్నవి, మేం టిఫిన్‌కి పోయొచ్చేలోపు చెత్త అని ఊడ్చి పారేశారు. 41 కవర్లు! కౌంటర్లో అడిగితే "ఆకులే కద సార్, బయట చెట్టుకి బోలెడున్నాయి, కోసుకోండి" అన్నాడు. తమ్ముడు ఆ పూటంతా నోరు విప్పలేదు.

ఏదో ఒక ఆకు అయితే సరిపోదండీ. ఆకు పొరల మధ్య తొలుచుకుంటూ పోయే పురుగుల్లో చాలావాటికి కొన్ని మొక్కలే పడతాయి, చెట్టేదో రాసుకోకపోతే పురుగేదో తేలడం కష్టం. తలకోనలో మళ్లీ కోద్దామంటే అది నేషనల్ పార్కు, పర్మిషన్ లేకుండా ఆకు తుంచకూడదు, ఫొటోలతో సరి.

మర్నాడు చంద్రగిరి అవతల ఒక నిమ్మతోటకి పోయాం, ఆటో రానూపోనూ 700. తోట పెద్దాయన "రాండి నాయనా, పాముపొడ ఆకులేనా, ఎన్నైనా కోసుకోండి" అన్నాడు. పాముపొడ అంటే ఆకులో పురుగు తొలిచిన వంకర గీతలే. తమ్ముడు నిమ్మాకు ఎండకి పట్టి చూపించాడు, వెండి రంగు వంకర దారి, నడిమధ్యలో సన్నటి నల్ల గీత, అది పురుగు రెట్ట. ఇది ఈగ పని కాదు, చిన్న మాత్‌ది, అంటే సీతాకోకచిలుక లాంటి రెక్కల పురుగుది అన్నాడు. గట్టు పక్క టమాటా ఆకులో మాత్రం నల్ల చుక్కలు ఒకసారి ఈ అంచున, ఒకసారి ఆ అంచున ఉన్నాయి, ఈగ పిల్ల పక్కకి ఒరిగి తింటూ అటూ ఇటూ తిరుగుతుందంట. 1990ల మొదట్లో మన దేశంలోకొచ్చిన ఈగ ఇది, చెట్లకన్నా కూరగాయల మీదే ఎక్కువ. తమ్ముడి మొహం అప్పుడు వెలిగింది.

మధ్యాహ్నం పెద్దాయన ఇంట్లోనే రాగి సంగటి, చెనిక్కాయల ఊరిబిండి పెట్టారు. 200 ఇవ్వబోతే పెద్దమ్మ కోప్పడింది. అంత రుచి తిరుపతి హోటళ్లలో నాకెక్కడా దొరకలేదు.

సాయంత్రమే లాడ్జి మారాం, 1,100, గదిలోకి ఎవర్నీ పంపొద్దంటే పంపలేదు. తోటకి పోయొచ్చిన మూడో రోజు పొద్దున టమాటా ఆకుల డబ్బా అడుగున గోధుమరంగు ప్యూపాలు, అంటే ఈగ పిల్ల ఈగగా మారే ముందు ఉండే గుళికలు, ఐదు, నువ్వు గింజకన్నా చిన్నవి. డబ్బా ఒళ్లో పెట్టుకునే రైలెక్కాడు.