పచ్చ వైరు, పాల కవర్లు

శబరి ఎక్స్‌ప్రెస్ ఎర్నాకులం చేరేసరికి సన్నటి వాన మొదలైంది. అమ్మ, మా ఆవిడ, నేను. రెండు రాత్రులు ఫోర్ట్ కొచ్చిలో, మూడు రాత్రులు అలప్పుళలో ఉండాలని ముందే అనుకున్నాం.

హైకోర్టు రేవు నుంచి ఫోర్ట్ కొచ్చికి వాటర్ మెట్రోలో వెళ్ళాం. టిక్కెట్టు 40 రూపాయలు. 2023 ఏప్రిల్‌లో మొదలైన ఈ బ్యాటరీ పడవలలో చప్పుడు లేదు, డీజిల్ వాసన లేదు. పడవ అంచూ రేవు అంచూ ఒకే ఎత్తులో ఉండటంతో మోకాళ్ళ నొప్పులున్న అమ్మ ఎవరి చెయ్యీ పట్టుకోకుండా ఎక్కి దిగింది. పెద్దవాళ్ళను తీసుకెళ్ళేవారు దీన్ని వదులుకోవద్దు. చీనా వలలు సాయంత్రం ఎండలో చూడాలి. మట్టంచేరి వీధులకు ఒక పూట చాలు.

మేం దిగిన హోమ్‌స్టే పాత డచ్చి కాలపు ఇల్లులా ఉంది. ఎత్తైన పైకప్పు, చెక్క కిటికీలు, దుమ్ము లేని గది. యజమాని మర్యాదస్తుడు. మర్నాడు పొద్దున స్నానానికి వెళ్ళిన అమ్మ వెంటనే బయటికి వచ్చింది.

"కొళాయి పట్టుకుంటే చేతికి చీమలు పాకినట్టుందిరా."

మా నాన్నది మోటార్ల వైండింగ్ షాపు. నేను అక్కడే పెరిగాను. ఆ మాట వినగానే నా గుండె జారిపోయింది. గీజరు స్విచ్ ఆపించి యజమానిని పిలిచాను. గంటలో ఎలక్ట్రీషియన్ వచ్చాడు. ప్లగ్ విప్పి, రెండు వైర్లు అటుదిటు ఇటుదటు మార్చి బిగించి, కొళాయి ముట్టుకుని చూపించి, "ఇప్పుడు షాక్ లేదు" అన్నాడు. పది నిమిషాల పని. 400 రూపాయలు.

నిజమే, తిమ్మిరి తగ్గింది. నాకే నమ్మకం కుదరలేదు. అతను వెళ్ళాక మెయిన్ ఆపి, జేబులోని టెస్టరుతో ఆ ప్లగ్ మళ్ళీ విప్పాను. ఎర్రది, నల్లది బిగించి ఉన్నాయి. ఆకుపచ్చ ఎర్త్ వైరును మాత్రం వెనక్కి మడిచి, నల్ల టేపు చుట్టి, మూత కింద దూర్చేశారు. టేపు జిగురు కారి దుమ్ము పట్టి ఉంది. అంటే ఎవరో ఎప్పుడో చేసిన పని అది. ఈ రోజు వచ్చినతను దాన్ని చూసి కూడా అలాగే వదిలేశాడు.

గీజరులో నీళ్ళు కాచే ఎలిమెంటు పాడై కరెంటు లీకైతే, అది నేలలోకి పోవడానికి ఉన్న దారి ఆ పచ్చ వైరే. ఆ దారి మూసేస్తే కొళాయి పట్టుకున్న మనిషే దారి అవుతాడు, అదీ తడి కాళ్ళతో నిలబడి. ఫేజు (కరెంటు తెచ్చే వైరు), న్యూట్రల్ (తిరిగి తీసుకెళ్ళే వైరు) తారుమారు చేస్తే లీకు ఏ కొసన ఉందో దాన్ని బట్టి తిమ్మిరి తగ్గవచ్చు. లోపం అక్కడే ఉంటుంది. పైగా నీళ్ళు కాగగానే కరెంటు ఆపే థెర్మోస్టాట్ ఫేజుకు బదులు న్యూట్రల్‌ను తెంపుతుంది కాబట్టి, నీళ్ళు కాగి దీపం ఆరాక కూడా ఎలిమెంటులో కరెంటు ఉంటుంది. ఇది బాగుచేయడం కాదు, ప్రమాదం కనబడకుండా కప్పిపెట్టడం.

యజమానికి చూపించాను. "ఇన్నాళ్ళూ ఎవరూ చెప్పలేదే" అన్నాడు. గీజరు వాడవద్దని, బకెట్‌లో వేడినీళ్ళు పంపిస్తానని అన్నాడు, పంపించాడు కూడా. కానీ ఆ 400 మా బిల్లులో కలిశాయి. ఆ గది నేను ఎవరికీ సిఫారసు చేయలేను.

అలప్పుళలో ఊరికి కాస్త దూరంగా, పంచాయతీ పరిధిలో కాలువ గట్టు మీద ఒక చిన్న ఇల్లు. అద్దె ఫోర్ట్ కొచ్చి గదిలో సగం. సామాను దించగానే నేను వెతికింది మెయిన్ బోర్డును. అందులో ఆర్‌సీసీబీ ఉంది. 30 మిల్లీయాంపియర్ల లీకు కనబడితే చాలు, కన్ను మూసి తెరిచేలోగా కరెంటు ఆపేసే పరికరం అది. ఇంటావిడ, అందరూ చేచీ (అక్క) అని పిలిచే యాభై ఏళ్ళ మనిషి, నా వెనకే వచ్చి దాని మీది టెస్ట్ బటన్ నొక్కింది. టక్కున ఇల్లంతా చీకటి. ప్రతి నెలా ఒకటో తేదీన అలా నొక్కి చూసుకుంటుందట. ఆమెను కౌగిలించుకోవాలన్నంత సంతోషం కలిగింది అమ్మకు.

పెరట్లో బట్టల తీగ మీద చీరల పక్కనే పాల కవర్లు క్లిప్పులు పెట్టి ఆరేసి ఉన్నాయి. కత్తిరించి, కడిగి, నీరు ఓడ్చిన కవర్లు. మూడో రోజు పొద్దున ఆకుపచ్చ కోట్లు వేసుకున్న ఇద్దరు స్త్రీలు వచ్చారు. ఇంటింటికీ తిరిగి పొడి చెత్త సేకరించే హరిత కర్మ సేన వాళ్ళు, కేరళ మహిళా పొదుపు సంఘాలైన కుటుంబశ్రీ సభ్యులు. గోడకు అంటించిన క్యూఆర్ కోడ్‌ను ఫోనుతో స్కాన్ చేసి, పొడి ప్లాస్టిక్ సంచీ విప్పి లోపల చెయ్యి పెట్టి తడి చూశారు. పంచాయతీలలో ఇంటికి నెలకు కనీసం 50 రూపాయలు, మున్సిపాలిటీలలో 70, వ్యాపారాలకు 100. అతిథులను పెట్టుకుంటుంది కనుక చేచీ వంద ఇచ్చి రసీదు తీసుకుంది. తడి చెత్త వాళ్ళు తీసుకోరు. అది పెరటి కంపోస్టు తొట్టిలోకి పోతుంది. 2023లో కేరళలోనే పరప్పనంగాడి అనే పట్టణంలో ఇలాంటి పదకొండు మంది కర్మ సేన మహిళలు చందాలు వేసుకుని 250 రూపాయల లాటరీ టిక్కెట్టు కొంటే పది కోట్లు తగిలిన సంగతి చేచీ ఎంత మురిసిపోతూ చెప్పిందో!

అలప్పుళ ఈ దారిలోకి ఊరికే రాలేదు. ఊరి చెత్తనంతా దగ్గర్లోని సర్వోదయపురం అనే ఊరికి తీసుకెళ్ళి పోస్తుంటే అక్కడి జనం 2012లో అడ్డుకున్నారు. దాంతో ఎవరి చెత్త వారింటి దగ్గరే అన్న పద్ధతి మొదలైంది. 2017లో ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం ఈ పట్టణాన్ని అయిదు ఆదర్శ నగరాలలో ఒకటిగా పేర్కొంది. గంటన్నర దూరంలోని కొచ్చిలో, 2023 మార్చిలో బ్రహ్మపురం చెత్తగుట్ట అంటుకుని పన్నెండు రోజుల పాటు నగరం మీద పొగ కమ్మింది. ఆ పొగలో పిల్లలను బడికి పంపలేకపోయామని మా ఆటో డ్రైవరు చెప్పాడు.

మన ఆంధ్రప్రదేశ్‌లో 2021 నుంచి చెత్త సేకరణకు రుసుము పెట్టారు, కొన్ని నగరాలలో ఇంటికి నెలకు 120 దాకా. చెత్త పన్ను అని జనం మండిపడ్డారు, 2024లో అది రద్దయింది. ఆ కోపం నాకు అర్థమవుతుంది. నేను ఇంట్లో వేరు చేసి ఇచ్చిన రెండు సంచులూ చెత్త ఆటోలో ఒకే కుప్పలో పడుతుంటే, కట్టిన డబ్బుకు అర్థమేమిటని నాకూ అనిపించింది. చేచీ వంద రూపాయలు సంతోషంగా ఇవ్వడానికి కారణం, తన కవరు ఎటు పోతోందో ఆమెకు తెలుసు. తడిగా ఉంటే తిరిగి ఇచ్చేస్తారని కూడా తెలుసు.

హౌస్‌బోటు ఎక్కలేదు. ప్రభుత్వ జలరవాణా శాఖ పడవలో కొద్ది రూపాయలకే కొట్టాయం దాకా వెళ్ళి వచ్చాం. బడిపిల్లలు, చేపల గంపలు, ఇళ్ళ మెట్ల దగ్గర ఆగే పడవ. కాయల్‌ను (ఇక్కడి ఉప్పుటేరుల సరస్సును) చూడటానికి నాకు అదే బాగుంది. మళ్ళీ వెళితే కొచ్చిలో ఒక్క రాత్రి, మిగతావన్నీ అలప్పుళలోనే.

ఇంటికి వచ్చాక ఫోర్ట్ కొచ్చి యజమానికి ఆ పచ్చ వైరు ఫోటో పంపి, ఎలిమెంటు మార్చాలని, ఎర్త్ కలపాలని, ఆర్‌సీసీబీ పెట్టించాలని వివరంగా రాశాను. చదివినట్టు గుర్తు కనబడింది. నిన్న ఫోన్ చేసి అడిగాను. పని ఇంకా కాలేదట, గదిలో అతిథులు ఉన్నారట.