పల్లెటూళ్ల కోసం ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్: నా రివ్యూ

సిటీలో దారి వెతుక్కోవడానికి ఏ మ్యాప్ అయినా సరిపోతుంది, తేడా తెలిసేది పల్లెల దగ్గరే. చాలా మ్యాపుల్లో ఊరంటే రోడ్డు పక్కన ఒక చుక్క, దాని మీద ఒక పేరు, అంతే. 2004లో స్టీవ్ కోస్ట్ మొదలుపెట్టిన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ ఈ విషయంలో చాలా నయం. ఉచితం, పైగా వికీపీడియాలాగే ఎవరైనా ఎడిట్ చేయొచ్చు.

నాకు బాగా నచ్చింది పేర్లు రాసే పద్ధతి. ఒకే వాగుని ఈ గట్టువాళ్లు ఒకలా, ఆ గట్టువాళ్లు ఇంకోలా, వలస వచ్చి స్థిరపడినవాళ్లు తమ భాషలో మరోలా పిలుస్తుంటే అన్నీ ఎక్కించొచ్చు. పాత పేరుకి, స్థానికులు వాడే పేరుకి, ఒక్కో భాషకి విడివిడిగా గడులున్నాయి. జనం ఉండకపోయినా పేరంటూ ఉన్న చోట్లకి కూడా ఒక కేటగిరీ ఉంది, ఇది తక్కువ విషయమేం కాదు, ఎందుకంటే ఊరివాళ్ల మాటల్లో సగం చోట్లు అలాంటివే. గుడి, మసీదు, చర్చి, శ్మశానం ఏ మతానివో కూడా రాయొచ్చు.

ఇక చిరాకు పెట్టేది. ఇన్ని పేర్లు ఎక్కించినా మామూలు మ్యాప్ మీద కనిపించేది ప్రధాన పేరు ఒక్కటే, మిగతావి వెతికితేనో నొక్కితేనో బయటపడతాయి. ఆ ప్రధాన పేరు ఏదన్న గొడవ వస్తే అక్కడ నిజంగా వాడుకలో ఉన్నదే, బోర్డుల మీద కనిపించేదే చూస్తారు. బోర్డు రాయించే స్తోమత ఊళ్లో అందరికీ ఉండదు కదా!

ఇంకోటి, దూరం నుంచి గీసిన మ్యాపులు. 2010 హైతీ భూకంపం తర్వాత ఎక్కడెక్కడి వలంటీర్లో ఉపగ్రహ చిత్రాలు చూసి రోడ్లు, ఇళ్లు గీసేశారు, సహాయక బృందాలకి అది బాగా పనికొచ్చింది. 2014లో మొదలైన మిస్సింగ్ మ్యాప్స్ అనే వలంటీర్ల ప్రాజెక్టుదీ అదే దారి. కానీ పైనుంచి చూస్తే ఇళ్ల కప్పులు కనిపిస్తాయి, పేర్లు కనిపించవు. అవి చెప్పాల్సింది అక్కడ ఉండేవాళ్లే, వాళ్లలోనూ ఫోను, తీరిక ఉన్నవాళ్లు రాసిందే మ్యాపులోకి ఎక్కుతుంది.

ఐదుకి నాలుగు ఇస్తాను. కొత్తవాళ్లకి స్ట్రీట్‌కంప్లీట్ యాప్ సులువు, ఈ రోడ్డు మట్టిదా తారుదా లాంటి చిన్న ప్రశ్నలు అడిగి జవాబుల్ని తనే మ్యాపులో వేసుకుంటుంది. నెట్ లేని చోట ఇదే మ్యాపు చూసుకోవడానికి ఆర్గానిక్ మ్యాప్స్ యాప్ ఉంది. పేర్లు ఎక్కించాలనుకుంటే పశువుల్ని మేపేవాళ్లని, పొలం పనులకి వెళ్లే ఆడవాళ్లని కూడా అడగండి, ఊరి పెద్దల దగ్గరే ఆగిపోకండి. ఇళ్లమీద మాత్రం అందులో ఉండేవాళ్ల పేర్లు రాయకండి, ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో దానికి ఒప్పుకోరు.