చింతపండు సంఘాలకు చేయించిన మూల్యాంకనం: పర్లాకిమిడి నుంచి ఒక సమీక్ష

ఒడిశాలో ఆంధ్ర సరిహద్దున ఉన్న గజపతి జిల్లాలోని గుమ్మ, కాశీనగర్ బ్లాకుల్లో సవర, తెలుగు కుటుంబాల మహిళా సంఘాలతో మా చిన్న స్వచ్ఛంద సంస్థ పనిచేస్తోంది. చింతపండును ఉమ్మడిగా అమ్మే కార్యక్రమానికి మూడేళ్లు నిండడంతో ఈ ఏడాది ఒక బయటి బృందం చేత మూల్యాంకనం చేయించాం. ఇటువంటి సేవ కోసం ఈ సరిహద్దు ప్రాంతంలో వెతుకుతున్న సంస్థలకు ఉపయోగపడుతుందని ఆ బృందం పనితీరును రాస్తున్నాను.

ఇది మాకు రెండో అనుభవం. మొదటిసారి నిధులిచ్చినవారు పంపిన నిపుణులు రెండు రోజుల్లో, మేమే ఎంచి చూపించిన మూడు ఊళ్లు తిరిగి, ఇంగ్లిషులో లావుపాటి నివేదిక ఇచ్చి వెళ్లారు. మేమిచ్చిన సంఘాల లెక్కలు, శిక్షణల లెక్కలే అందులో తిరిగి కనిపించాయి. దాన్ని చదివి మా కార్యకర్తలు మార్చుకున్న పని ఒక్కటీ లేదు.

ఈసారి వచ్చినవారు ముందు ఊళ్లకు పోలేదు. నాలుగు రోజులు మా ఆఫీసులోనే కూర్చుని, ఏ ఖర్చుతో ఏ పని జరిగింది, ఆ పని వల్ల ఎవరి బతుకులో ఏ మార్పు రావాలని ఆశించాం అన్నది గోడమీది చార్టు పేపరు మీద మా చేతనే గొలుసుగా రాయించారు. ప్రతి సంఘానికి కాటా ఇస్తే తూకం సరిగ్గా ఉంటుందని, తూకం సరిగ్గా ఉంటే రాబడి పెరుగుతుందని మేం రాశాం. ఆ రెండు మాటల నడుమ ఇంకేమేం జరగాలో చెప్పమని వారు అడిగితే మా దగ్గర జవాబు లేకపోయింది. మూల్యాంకనానికి ఓఈసీడీ (ఎక్కువగా సంపన్న దేశాలున్న ఆర్థిక సహకార కూటమి) దేశాలు 1991లో అయిదు ప్రమాణాలు పెట్టుకుని 2019లో ఆరోదాన్ని చేర్చుకున్నాయి. అయితే అన్నింటినీ ముట్టుకుంటే ఏదీ లోతుగా తేలదని చెప్పి, ఫలితం వచ్చిందా, మేం తప్పుకున్నాక అది నిలుస్తుందా అనే రెండింటికే ఈ బృందం కట్టుబడింది. ఊళ్లను చీటీలు తీసి ఎంచుకున్నారు.

కాశీనగర్ వైపు ఒక ఊళ్లో మినిట్స్ పుస్తకం చూడడం అయిపోయాక, బృందంలోని అమ్మాయి ఆ కాటాను ఒకసారి చూపించమని అడిగింది. సంఘం అధ్యక్షురాలు కాసేపు తటపటాయించి, అటక మీద గోనెసంచిలో చుట్టిపెట్టిన కాటాను దింపించారు. దాని పళ్లేనికి అంటించిన ప్లాస్టిక్ కాగితం ఇంకా ఊడనే లేదు. "మన కాటా పెడితే షావుకారు పండు కొనడమ్మా, పుష్యమాసంలోనే ఆయన దగ్గర డబ్బులు తీసీసుకున్నాం కదా" అన్నారామె. అన్ని సంఘాలకూ కాటాలు అందాయని మేం మూడేళ్లుగా నివేదికల్లో రాస్తూనే ఉన్నాం, ఆ మాట అబద్ధమూ కాదు. కానీ పండు రాలకముందే తీసుకున్న అప్పు ఆ కాటాను అటకెక్కించిందన్న సంగతి మా పుస్తకాల్లో ఎక్కడా లేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

తేలిన విషయాలను వారు ముందు ఊళ్లలోనే చదివి వినిపించి, సభ్యులు దిద్దిన తరువాతే మాకు తెలుగులోనూ ఒడియాలోనూ రాసిచ్చారు. దాని ఆధారంగా పుష్యమాసానికి ముందే సంఘాల పొదుపులోంచి చిన్న అప్పులు ఇచ్చే ఏర్పాటు చేస్తున్నాం.

లోపాలు కూడా ఉన్నాయి. సవర భాష తెలిసిన మహిళ బృందంలో లేకపోవడంతో గుమ్మ కొండల మీది ఊళ్లలో మగవారే దుబాసీలయ్యారు, అక్కడి స్త్రీల మాటలు నివేదికలో పలచగా ఉన్నాయి. చివరి ప్రతి చెప్పిన గడువుకు నెల ఆలస్యంగా చేతికొచ్చింది. రుసుము మా స్థాయికి భారమే. సగటున ఏడాదికి 10 కోట్ల రూపాయలు, ఆపైన సీఎస్ఆర్ (లాభాల్లోంచి సమాజం కోసం చట్టప్రకారం పెట్టాల్సిన ఖర్చు) బాధ్యత ఉన్న కంపెనీలు కోటి, అంతకు మించిన ప్రాజెక్టులకు స్వతంత్ర సంస్థతో ప్రభావ అంచనా చేయించాలని 2021 నుంచి నిబంధన ఉంది గాని, మాబోటి చిన్న పనులు దాని కిందికి రావు. అందువల్ల ఈ ఖర్చును ప్రతిపాదన రాసేటప్పుడే విడిగా ఒక పద్దుగా అడగాలి, లేకపోతే తరువాత ఎవరూ ఇవ్వరు.

బృందాన్ని కుదుర్చుకునేవారు ఊళ్లను ఎవరు ఎంచుతారు, ఊరివారికి ఏ భాషలో వినిపిస్తారు, దుబాసీగా ఎవరు వస్తారు అన్న మూడింటినీ ఒప్పందంలోనే రాయించుకోవాలి. వచ్చే ఏడాది మార్చిలో, పండు దింపే రోజుల్లోనే, అవే ఊళ్లను మళ్లీ చూడడానికి మేం ఇదే బృందంతో మాట్లాడుకున్నాం; సవర మాట్లాడే ఒక మహిళను వెంట తేవాలన్నది ఈసారి మా మొదటి షరతు.