జహీరాబాద్ పాత పంటల జాతర: ఏ రోజు వెళ్లాలి, ఎక్కడ దిగాలి, ఏం తెచ్చుకోవాలి

పాత పంటల జాతరకు బయటి నుంచి వెళ్లేవాళ్లు సాధారణంగా మొదటి రోజునో ముగింపు రోజునో ఎంచుకుంటారు. ఆ రెండూ వదిలేసి నడుమ ఏదో ఒక మామూలు ఊరు చూసుకోమని మా సలహా. పాత పంటల విత్తనాలతో సంక్రాంతికి ఒక ఊళ్లో మొదలయ్యే ఈ ఎడ్లబండ్ల యాత్ర, సంగారెడ్డి జిల్లా జహీరాబాద్ చుట్టుపక్కల పల్లెల్లో నెల రోజుల పాటు రోజుకో ఊరు చొప్పున తిరిగి, ఫిబ్రవరి రెండో వారం ప్రాంతంలో మాచ్‌నూర్‌లో ముగుస్తుంది. తొలి రోజున వేదిక, అతిథులు, ఉపన్యాసాలు, కెమెరాలు. చివరి రోజున ఇంకా పెద్ద గుంపు. ఫొటోలకు ఆ రెండూ బాగుంటాయి కానీ, విత్తనాల కుండ ముందు నిలబడి నాలుగు మాటలు అడగడానికి సందు దొరకదు. నడుమ ఊళ్లలో అయితే బండ్ల వెంట వచ్చిన ఆడవాళ్లకూ తీరిక ఉంటుంది, ఊరివాళ్లకూ ఉంటుంది.

జాతర నడిపేది 1983లో మొదలైన దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ, దాని మహిళా సంఘాలు. సభ్యుల్లో ఎక్కువమంది చిన్న కమతాల దళిత రైతమ్మలు. ఈ సంఘాల పనికి 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం వారి ఈక్వేటర్ ప్రైజ్ వచ్చింది. సంస్థ ముఖ్యులు పి.వి. సతీశ్ 2023 మార్చిలో కన్నుమూశారు.

ఒక ఊళ్లో రోజు ఎలా నడుస్తుందో ముందే తెలిస్తే నిరాశ ఉండదు. పొద్దున తొమ్మిదింటికే వెళ్లి కూర్చుంటే ఎవరూ కనపడరు. జనవరిలో కంది కోతలు, నూర్పిళ్లు, చెరకు నరుకుడు ఉంటాయి. కూలి వదులుకుని ఎవరూ రారు, ఇంటిపని, పొలం పని ఒక కొలిక్కి వచ్చాకే వస్తారు. ఎద్దుల నడక గంటకు మూడు నాలుగు కిలోమీటర్లకు మించదు కాబట్టి, పక్క ఊరి నుంచి కదిలిన బండ్లు పొలిమేరకు చేరేసరికి పొద్దు బాగా ఎక్కుతుంది. అక్కడ డప్పులతో, హారతితో ఎదురుకోళ్లు. ఊరేగింపు, కోలాటం. ఆ తర్వాత ఒక చెట్టు కిందనో బడి ముందో అందరూ కూర్చుంటారు. ఏ పంట ఎందుకు పోయింది, ఎవరింట్లో ఇంకా ఆ విత్తనం మిగిలి ఉంది అనే మాటలు అప్పుడు మొదలవుతాయి. సంఘం ఆడవాళ్లే తీసిన సినిమాలు చూపిస్తారు. అసలు సంగతి ఈ కూర్చున్న సభలోనే ఉంది. ఊరేగింపు చూసి వెనక్కి తిరిగేవాళ్లు సగం కూడా చూడనట్టే.

దీన్ని సాహిత్య ఉత్సవం అనొచ్చా? అచ్చుపుస్తకం ఒక్కటీ కనపడదు, కవుల పరిచయాలు ఉండవు. కానీ ఒకామె ఎత్తుకుంటే మిగతావాళ్లు అందుకునే పాట, చరణం చివర ఉయ్యాలో అనో వలలో అనో తగిలే వంత, మాట మధ్యలో దూరే సామెత, వీటి బలం వినాలంటే ఇంతకన్నా మంచి చోటు తెలంగాణలో తక్కువ. జనవరి చివర్లో హైదరాబాద్ లిటరరీ ఫెస్టివల్ కూడా జరుగుతుంది కాబట్టి రెండూ ఒకే ప్రయాణంలో కలుపుకోవచ్చు. చివరికి ఒక్కదానికే సమయం ఉంటే మేం జహీరాబాద్ బస్సే ఎక్కమంటాం. పాటల్లో పంటల పేర్లు వరసగా వస్తాయి. అవి రాసుకుని, తర్వాత బండి మీది కుండలతో సరిచూసుకోండి. పాటలో ఉండి కుండల్లో కనపడని పంట గురించి అడిగితే ఎంత పెద్ద కథైనా బయటికొస్తుంది. ‘ఆరుద్ర కురిస్తే దారిద్ర్యం లేదు’ లాంటి కార్తెల సామెతలు ఇక్కడ అలంకారానికి వాడరు, విత్తే రోజు లెక్కకే వాడతారు. జహీరాబాద్ తెలుగులో కన్నడం, ఉర్దూ బాగా కలిసి ఉంటాయి. అర్థం కాని మాట వస్తే ఆపి అడిగినా ఎవరూ ఏమీ అనుకోరు.

పాట రికార్డు చేసుకోవాలంటే ముందు అడగాలి. ఊరేగింపులో చేసిన రికార్డు దాదాపు పనికిరాదు: డప్పు దెబ్బకు ఫోన్‌లో శబ్దం పగిలిపోయి గొంతులు మునిగిపోతాయి. కూర్చున్నాక, పాట ఎత్తుకునే ఆమెకు మూరెడు దూరంలో ఫోన్ నేల మీద గుడ్డ పరిచి పెట్టండి. చేతిలో పట్టుకుంటే వేళ్ల రాపిడి కూడా వినిపిస్తుంది. ఈ పాటల మీద ఆసక్తి ఎక్కువున్నవాళ్లు మాచ్‌నూర్‌లోని సంఘం రేడియోకు తప్పక వెళ్లాలి. 2008 అక్టోబర్ 15న మొదలైన ఈ 90.4 ఎఫ్ఎం కేంద్రాన్ని దళిత మహిళలే నడుపుతున్నారు. ప్రసారాలు సాయంత్రం పూట. చూడటానికి వెళ్లేవాళ్లు జహీరాబాద్ దగ్గరి పాస్తాపూర్‌లోని సంస్థ కార్యాలయంలో ముందు రోజే చెప్పి వెళితే మాట్లాడేందుకు మనిషి దొరుకుతారు.

ఇక బండ్ల సంగతి. సున్నం, జాజు పూసిన మట్టి కుండలు, ఈతాకు బుట్టలు, వాటిలో పచ్చజొన్న, తెల్లజొన్న, సజ్జ, కొర్ర, సామ, తైద, రకరకాల కందులు, అనుములు, బెబ్బర్లు, ఉలవలు, కుసుమ, వలిసె, అవిసె, గోగు. ఇది అంగడి కాదు, ప్రదర్శన. ఒక పిడికెడు తీసి సంచిలో వేసుకోవడం మర్యాద కాదు. కొన్ని గింజలు కావాలంటే ఫలానా పంట ఎవరు వేశారో అడిగి, వాళ్లింటికి వెళ్లి తీసుకోవాలి. ఇక్కడి విత్తన బ్యాంకు పద్ధతి అప్పు: విత్తనం తీసుకుని, పంట వచ్చాక తీసుకున్నదానికంటే ఎక్కువ కొలిచి తిరిగి ఇవ్వడం. బయటివాళ్లు ఆ మాట నిలబెట్టుకోలేరు కాబట్టి డబ్బిచ్చి కొద్దిగా తీసుకోవడమే నిజాయితీ.

విత్తనానికి తీసుకునేటప్పుడు జరిగే పెద్ద పొరపాటు, వంటకు దంచిన కొర్రలో సామలో కొనుక్కుని మళ్లో చల్లడం. పొట్టు తీసిన గింజను మొలకకు నమ్ముకోలేం, దంపుడులో మొలకభాగం దెబ్బతింటుంది. కొర్ర, సామ, అరిక పొట్టుతోనే తీసుకోండి. జొన్న, సజ్జలకు ఈ ఇబ్బంది లేదు. ఇంటికి వచ్చాక వంద గింజలు లెక్కపెట్టి తడి గుడ్డలో చుట్టి, ఆరకుండా చూసుకుంటూ వారం ఉంచండి. డెబ్బై అయిదుకు తగ్గకుండా మొలిస్తే మంచి విత్తనమే. తక్కువైతే ఆ మేరకు ఎక్కువ చల్లుకోవాలి. దాచేముందు ఎండబెట్టి, నీడలో పూర్తిగా చల్లారనిచ్చి, నీడన ఆరిన వేపాకు కలిపి, పైన జల్లించిన బూడిద అంగుళం మందాన పోసి మూత పెట్టండి. ఎండలోంచి తీసిన వేడి గింజ నేరుగా డబ్బాలో పోస్తే లోపల చెమ్మ పడుతుంది, బూజు ఆ చెమ్మతోనే వస్తుంది.

పొలం చూడకుండా రావొద్దు. ఈ సమయంలో నల్లరేగడి చేలల్లో రబీ పంటలు నిలబడి ఉంటాయి. నీళ్లు పెట్టకుండా, నేలలో మిగిలిన తేమతో, రాత్రి మంచుతో పండే వీటిని ఇక్కడ సత్యం పంటలు అంటారు. జొన్న, శనగ, కుసుమ, ధనియాలు ఒకే చేనులో కలిపి కనిపిస్తాయి. కుసుమను గట్టు వెంట వేయడానికి కారణం దాని ముళ్లు, వాటిని దాటి పశువులు లోపలికి రావు. ఎర్ర గరప నేలల్లో వానాకాలం పంటల కలయిక ఇంకా పెద్దది, ఎకరంలో పది పదిహేను రకాలు. కానీ అది చూడాలంటే జాతరకు కాదు, సెప్టెంబర్‌లో రావాలి. జనవరికి ఆ చేలల్లో కంది మోళ్లే మిగులుతాయి.

తిండి విషయంలో ఊరి భోజనానికి మించింది లేదు: జొన్న రొట్టె, కొర్ర అన్నం, పప్పులో ఏదో ఒక ఆకుకూర, సంక్రాంతి రోజుల్లో నువ్వులద్దిన సజ్జ రొట్టె. వాన కాలంలో విత్తకుండానే మొలిచే ఆకుకూరలు, అంటే తుమ్మి, దొగ్గలి, గునుగు లాంటివి జనవరిలో తక్కువ. అవి తినాలన్న కోరికతో వచ్చి లేవని చిన్నబుచ్చుకోవద్దు. చేనిలో జొన్న కంకి పాలు తీరి గట్టిపడే దశలో ఉంటే ఊచబియ్యం, అంటే ఆ లేత గింజలు, కాల్చి పెడతారు, ఆ అవకాశం మాత్రం వదలొద్దు. పదిమంది బృందంగా వెళ్లేవాళ్లు రెండు రోజుల ముందే తెలియజేయాలి. రొట్టె ఒక్కొక్కటే చేత్తో కొట్టి కాల్చేది, ఎసరు పెంచినట్టు పెంచలేరు. చెప్పకుండా వెళ్లిన గుంపు వల్ల పొయ్యి దగ్గర ఆడవాళ్లు చివర తింటారు, లేదా తినరు. భోజనానికి డబ్బు సంఘానికి ఇవ్వండి, వడ్డించినామె చేతిలో కాదు.

జహీరాబాద్ పట్టణంలో సంస్థ పెట్టిన చిరుధాన్యాల హోటల్ కేఫ్ ఎత్నిక్ పేరు చాలామంది వినే ఉంటారు. దాన్ని నమ్ముకుని ఆకలితో బయల్దేరే ముందు ఫోన్ చేసి వేళలు కనుక్కోవడం మంచిది. హైవే ధాబాల్లో దొరికే జొన్న రొట్టె చాలాసార్లు పొద్దుటి పిండిది, అంచులు పగిలి ఉంటుంది. కొనుక్కెళ్లేవాళ్లు జొన్నపిండి కన్నా జొన్నలే కొనండి. సజ్జ పిండి అసలు కొనొద్దు. సజ్జలో నూనె ఎక్కువ, పిండి పట్టిన కొద్ది రోజులకే చేదెక్కుతుంది. కొర్ర బియ్యం మెరుస్తూ తెల్లగా ఉంటే బాగా పాలిష్ పట్టినట్టు. లేత పసుపు రంగులో, మెరుపు లేకుండా ఉన్నవి తీసుకోండి. ఇంట్లో అరగంట నానబెట్టి గ్లాసుకు రెండున్నర గ్లాసుల నీళ్లు పోస్తే సరిపోతుంది. నానబెట్టకపోతే పైన మెత్తబడి లోపల పలుకుగా మిగిలి, తిన్నాక కడుపు బరువెక్కుతుంది.

హైదరాబాద్ నుంచి జహీరాబాద్ 65వ నంబరు జాతీయ రహదారి మీద వంద కిలోమీటర్ల పైచిలుకు. లింగంపల్లి దగ్గర బస్సెక్కితే నగరం మధ్య పోయే గంట కలిసొస్తుంది. పటాన్‌చెరు దాటేదాకా నత్తనడకే, సదాశివపేట తర్వాత సాఫీ. తెలంగాణ చిరునామా ఆధార్ ఉన్న ఆడవాళ్లకు పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్‌లలో ప్రయాణం ఉచితం. బీదర్ దాకా వెళితే రాష్ట్ర సరిహద్దు అవతలికి టికెట్ కొనాలి. వికారాబాద్ మీదుగా బీదర్ వైపు వెళ్లే రైళ్లు జహీరాబాద్‌లో ఆగుతాయి. చుట్టు దారి కాబట్టి బస్సు కన్నా ఆలస్యం, కానీ పిల్లలతో, పెద్దవాళ్లతో వెళితే ఒళ్లు అలవదు.

పట్టణం నుంచి ఊళ్లకు షేర్ ఆటోలు మండల కేంద్రాల దాకే నమ్మకం. రోజంతటికీ ఆటో మాట్లాడుకోండి, ‘రాను పోను’ కాకుండా ‘ఆగి ఉండటానికి’ ఎంతో విడిగా తేల్చుకోండి, సభ రెండు గంటలు ఆలస్యమైనప్పుడు గొడవ అక్కడే వస్తుంది. బండ్ల దారి పట్టిక చావులు, పెళ్లిళ్ల వల్ల ఒకటి రెండు రోజులు మారిపోతుంటుంది. ముందు రోజు సాయంత్రం పాస్తాపూర్‌లో కనుక్కున్న ఊరి పేరే లెక్క, వారం కింద వాట్సాప్‌లో వచ్చిన పట్టిక కాదు.

బసకు జహీరాబాద్ లాడ్జీలు రాత్రి తల వాల్చడానికి చాలు, అంతకు మించి ఆశించొద్దు. రహదారి వైపు గది ఇస్తే లారీల మోతకు నిద్ర పట్టదు, వెనకవైపు గది అడగండి. వేడినీళ్లు పొద్దున కాసేపే. కుటుంబంతో వెళ్లేవాళ్లకు ముప్పై కిలోమీటర్ల దూరంలోని బీదర్ మేలు. కర్ణాటక పర్యాటక సంస్థ వారి మయూర బరీద్ షాహీ ఉంది, ప్రైవేటు హోటళ్లూ ఉన్నాయి. కోట, నానక్ ఝీరా గురుద్వారా, లోహం మీద వెండి పొదిగే బిద్రీ పనివాళ్ల దుకాణాలు మరుసటి రోజుకు సరిపోతాయి. ఝరాసంగంలోని కేతకీ సంగమేశ్వరాలయం మాచ్‌నూర్ వైపే కాబట్టి అటు వెళ్లినప్పుడు చూసుకోవచ్చు. సోమవారం మాత్రం రద్దీ.

పల్లెల్లో మరుగుదొడ్డి అడిగితే బడి వైపు చూపిస్తారు, సెలవు రోజైతే తాళం ఉంటుంది. ఆడవాళ్లు పట్టణంలోనే చూసుకుని బయల్దేరడం మేలు. తాగునీళ్లు స్టీలు సీసాలో తీసుకెళ్లండి. పొద్దున చలికి శాలువా, మధ్యాహ్నం దుమ్ముకు ముక్కుకు కట్టుకునే గుడ్డ. విత్తనాలకు, రొట్టెలకు చిల్లర నోట్లు ఉంచుకోండి. కారులో వెళ్లేవాళ్లకు కంకోల్ దగ్గర టోల్ ఉంది. చీకటి పడేలోపు ఊళ్ల దారులు వదిలి రహదారి ఎక్కేయండి, చెరకు ట్రాక్టర్ల వెనక ట్రాలీలకు లైట్లు ఉండవు, రోడ్డు పక్కన ఆపి ఉన్నది దగ్గరికి వెళ్లేదాకా కనపడదు.