చదువుకు చాట్‌బాట్: ఎంతోకాలం వాడిన ఒక పీజీ విద్యార్థి సమీక్ష

చాట్‌జీపీటీ 2022 నవంబరు 30న అందుబాటులోకి వచ్చేనాటికి నేను డిగ్రీ విద్యార్థిని. ఇప్పుడు గణాంకశాస్త్రంలో పీజీ చేస్తున్నాను. అప్పటినుంచి రెండు మూడు చాట్‌బాట్‌లను చదువు కోసమే వాడుతూ వచ్చాను.

వీటిలో నాకు అన్నిటికంటే అక్కరకొచ్చిన గుణం ఓపిక. పి-విలువ అంటే ఏమిటో తరగతిలో రెండోసారి అడగడానికి సంకోచించే విద్యార్థి ఇక్కడ ఎన్నిసార్లయినా అడగవచ్చు. నిర్వచనం చెప్పించుకుని, ఉదాహరణ ఇమ్మని, ఆ ఉదాహరణ ఎక్కడ చెల్లదో కూడా చూపమనవచ్చు. అడిగితే చులకనైపోతామన్న బెరుకు ఉండదని నా సహాధ్యాయులు కూడా తరచూ అంటుంటారు. ప్రోగ్రామింగ్‌లో తప్పులు వెతకడానికి ఇంతకంటే మంచి సహాయకుడు నాకు దొరకలేదు.

అయితే వివరణ చదువుతున్నంతసేపూ అంతా అర్థమైనట్టే ఉంటుంది, తెల్లకాగితం తీసుకుని అదే నిరూపణ రాయబోతే మాత్రం రెండో మెట్టు దగ్గరే కలం ఆగిపోతుంది. టర్కీలోని ఒక ఉన్నత పాఠశాలలో గణితంపై జరిగిన ప్రయోగం ఈ సంగతినే అంకెల్లో చూపింది: చాట్‌జీపీటీ వెనక పనిచేసిన జీపీటీ-4 అనే ఏఐ నమూనా సాయంతో సాధన చేసినవారు అప్పటికి బాగా రాణించినా, అది లేకుండా రాసిన పరీక్షలో, దాన్ని అసలు వాడనివారికంటే 17 శాతం వెనకబడ్డారు. జవాబు చెప్పకుండా సూచనలే ఇచ్చేలా మలచిన చాట్‌బాట్ వాడినవారిలో ఆ నష్టం చాలావరకు కనిపించలేదు. అందుకే నేను ముందు నా ప్రయత్నం రాసి, ఎక్కడ దారి తప్పానో మాత్రమే చూపమని అడుగుతాను. ప్రశ్నలు వేస్తూ నడిపించే స్టడీ మోడ్‌లు 2025లో వచ్చాయి. మంచి ఆలోచనే, కానీ పరీక్ష ముందురోజు రాత్రి ఆ మోడ్‌ను తీసేయకుండా ఉండగలిగేవారు ఎందరన్నది వేరే ప్రశ్న.

ఆధారాల విషయంలో నా నమ్మకం ఇంకా కుదరలేదు. పరిశోధన వ్యాసం కోసం అడిగితే ఒక చాట్‌బాట్, పేరున్న పరిశోధకులకు వారు ఎన్నడూ రాయని వ్యాసాలను అంటగట్టింది; తర్వాత రాదగిన పదాన్ని అంచనా వేస్తూ వాక్యం అల్లే యంత్రం కనుక, ఉన్న వ్యాసానికీ ఉండదగిన వ్యాసానికీ దానికి తేడా తెలియదు. వెబ్‌లో వెతికి చెప్పే సదుపాయం వచ్చాక ఈ బెడద తగ్గింది, అయినా లింకు తెరిస్తే వ్యాసం ఉండి, అందులో చాట్‌బాట్ చెప్పిన మాట లేకపోవడం ఇప్పటికీ ఎదురవుతోంది.

విద్యార్థుల్లో ఉన్న మరో భయం, సొంతంగా రాసినదాన్ని కూడా యంత్రం రాసిందంటారేమోనని. ఇది కారణం లేని భయం కాదు: యంత్రం రాతను పసిగట్టడానికి తాను తెచ్చిన సాధనాన్ని చాట్‌జీపీటీ తయారీసంస్థ ఓపెన్‌ఏఐ స్వయంగా 2023 జులైలో, కచ్చితత్వం చాలదని ఉపసంహరించుకుంది. నేనైతే చిత్తుప్రతులన్నీ తేదీలతో సహా భద్రపరుస్తున్నాను.

కొంతకాలం చందా కట్టి చూశాను గాని, భావనలు అడిగి తెలుసుకోవడానికీ, లెక్కలు సరిచూసుకోవడానికీ ఉచితంగా దొరికేదే సరిపోతోంది. వ్యాసాలు వెతకడానికి మాత్రం గ్రంథాలయ డేటాబేస్‌కే వెళుతున్నాను.